ఎడమవైపు కుర్చీలు

ఆ ఉదయం ఆమె మా ఇంటికి వచ్చేసరికి నేను వరండాలో కూర్చుని ముందురోజు డైరీ రాస్తున్నాను. ఏ రోజు సంగతి ఆ రాత్రే రాసే అలవాటు నాకు లేదు. ఒక నిద్ర తీశాక ఏది రాయదగిందో, ఏది కాదో తేలిపోతుంది. ఉద్యోగంలో చేరిన ఏడు మొదలుపెట్టిన పని, పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకుని విశ్రాంతిగా కూర్చున్నాక కూడా మానలేదు.

ఆమె నా స్నేహితుడి కూతురు. పటాన్‌చెరు నుంచి బొల్లారం వైపు వెళ్లే దారిలో వాళ్ల నాన్న కట్టిన సినిమా థియేటర్‌ను, ఆయన పోయిన తర్వాత ఆమే నడుపుతోంది. నలభై దాటిన మనిషి. కుర్చీ చూపించినా కూర్చోకుండా, స్కూటీ తాళం వేలికి తిప్పుకుంటూ నిలబడింది.

"కాకా, మా పెద్దబాపు థియేటర్‌ను గోదాముకు ఇస్తడట."

"ఎవలకు?"

"ఆన్‌లైన్ల సామాన్లు అమ్మెటోళ్లకు. తెర పీకి, కుర్చీలు పీకి, ర్యాకులు పెడ్తరట. సగం వాటా ఆయనది. వద్దననీకి నాకు నోరు లేదు. మిరుగు దాంక టైమిచ్చిండు. ఆ లోపల జనం వస్తున్నరని సూపిస్తే నడుపుకొమ్మన్నడు. లేకుంటే తాళాలియ్యమన్నడు."

మిరుగు అంటే మృగశిర కార్తె. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి. వానల తొలి కబురు వచ్చేదాకా ఆమెకు గడువు.

"నువ్వేమన్నవు?"

"సరే అన్న. ఇగ ఏమనాలె? అందుకే నీ దగ్గరికొచ్చిన. నీ డైరీలల్ల రాసి ఉంటది గదా, ఏ ఆటకు జనం ఎట్ల వచ్చేటోళ్లో."

"బిడ్డా, నేను పనిచేసింది ఫ్యాక్టరీ టైమాఫీసుల. మీ టికెట్ కౌంటర్ల గాదు."

ఆమె అప్పుడు నవ్వి కూర్చుంది. మా ఆవిడ చాయ్ తెచ్చింది.

నిజానికి ఆమె అడిగిన దాంట్లో అర్థం ఉంది. నేను టైమాఫీసులో హాజరు కార్డులు చూసుకుంటూ ఉద్యోగమంతా గడిపాను. ఏ షిఫ్టు ఎప్పుడు దిగుతుందో, ఏ బస్సు ఎవరిని ఎక్కడ దింపుతుందో, ఏ కంపెనీకి వారంలో ఏ రోజు సెలవో నాకు నోటికి వచ్చు. చూసిన ప్రతి సినిమా డైరీలోకి ఎక్కింది. ఏ ఆట, ఏ షిఫ్టు దిగి వెళ్లాను అన్నవి రెండూ తప్పకుండా రాసేవాణ్ణి. కొన్నిచోట్ల మాత్రం "సినిమా సగం, నిద్ర సగం" అని ఉంటుంది. అదెందుకో తర్వాత చెబుతాను.

ఆ థియేటర్ కట్టినప్పుడు చుట్టూ జొన్న చేలు, కొత్తగా లేచిన ఫ్యాక్టరీ గోడలు తప్ప ఏమీ లేవు. ఫ్యాక్టరీలకు భూములు ఇచ్చిన అన్నదమ్ముల్లో అన్న, అంటే ఆమె పెద్దబాపు, ఆ డబ్బుతో మళ్లీ భూమే కొన్నాడు. తమ్ముడు, అంటే నా స్నేహితుడు, సినిమా హాలు కట్టాడు. జనం నవ్వారు. అప్పట్లో సినిమా అంటే హైదరాబాద్. కొత్త బొమ్మ అక్కడి పెద్ద హాళ్లలోనే పడేది. సెలవు రోజున బస్సెక్కి వెళ్లి, వరుసలో నిలబడి, చొక్కా నలిగి, టికెట్ దొరికినా దొరక్కపోయినా గొప్పగా తిరిగి వచ్చేవాళ్లం. ఆ సినిమా మా దాకా వచ్చేసరికి రీలు గీతలు పడి ఉండేది. తెర మీద ఎప్పుడూ చిన్న వాన కురుస్తున్నట్టే ఉండేది. అయినా మా హాలు నిండేది.

తర్వాత ఒకే రోజున నగరంలోనూ ఇక్కడా కొత్త సినిమా పడే కాలం వచ్చింది. రీళ్ల డబ్బాలు పోయాయి. నా స్నేహితుడు ఆ మంచి రోజుల్లోనే ఏసీ పెట్టించాడు, తెర మార్చాడు, కుర్చీలకు మెత్తలు వేయించాడు. అంతలో నగరం మియాపూర్ దాటింది, చందానగర్ దాటింది, మా మీదికి వచ్చేసింది. నగరంలో నేను వరుసలో నిలబడ్డ హాళ్లలో ఒకటి బట్టల దుకాణమైంది. ఒకటి పెళ్లిళ్ల ఫంక్షన్ హాల్ అయింది. ఇంకొకదానికి గేటు మాత్రం మిగిలింది, లోపల కార్లు పెట్టుకుంటున్నారు. బీరంగూడ వైపు ఫ్లాట్ల వాళ్లు సినిమాకు మాల్‌కు వెళతారు. మిగతావాళ్ల చేతిలో ఫోన్ ఉంది. నగరం దగ్గరికి వస్తే మా హాలు పెద్దదవుతుందని నా స్నేహితుడు అనుకునేవాడు. వచ్చిన నగరం తన సినిమాలను తనతోనే తెచ్చుకుంది.

ఆమె చాయ్ తాగేలోపు నాకు ఒక ఆలోచన వచ్చింది. మాల్ వాళ్లు శుక్ర, శని, ఆదివారాలను నమ్ముకుంటారు. మనం షిఫ్టులను నమ్ముకుందాం. ఆటల వేళలన్నీ షిఫ్టు దిగే వేళలకు కలుపుదాం. ఆమెకు నచ్చింది. ఇద్దరం కూర్చుని కాగితం మీద గీతలు గీశాం. 'ఏ' షిఫ్టు దిగాక ఒక ఆట, 'బీ' షిఫ్టు ఎక్కే ముందు ఒక ఆట, ఏ కంపెనీ సెలవు రోజున ఏ సినిమా అని అంతా సరిపోయింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా నేను అంత చక్కటి పట్టిక తయారుచేసినట్టు గుర్తులేదు. ఆమె దాన్ని పెద్ద బోర్డు మీద రాయించి గేటు దగ్గర కట్టించింది.

వారం గడిచింది. జనం రాలేదు.

ఆ థియేటర్‌కు మొదటి నుంచీ ఒకే గేట్‌కీపర్. పటాన్‌చెరులో పుట్టి పెరిగిన ముస్లిం పెద్దాయన, అందరూ చాచా అంటారు. నాకంటే కొంచెం పెద్దవాడే. గేటు పక్కన ఇనుప స్టూలు మీద కూర్చుని మా బోర్డును తలెత్తి చూసేవాడు.

"సాబ్, మీ టైం టేబుల్ బహుత్ మంచిగున్నది," అన్నాడు ఒకరోజు.

"జనం వస్తలేరు గద చాచా."

"జనానికి గాదు, నాకు. ఆటకు ఆటకు నడుమ చాయ్ తాగనీకి ఫుర్సత్ దొరుకుతున్నది."

పట్టికలో తప్పు ఎక్కడుందో కాగితం మీద నాకు కనబడలేదు. మర్నాడు పొద్దున చాచాను వెంటబెట్టుకుని, కంపెనీ బస్సులు ఆగే చోట చాయ్ హోటల్‌కు వెళ్లాను. రాత్రి పని దిగినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి బెంచీల మీద కూలబడుతున్నారు. మా పక్కన ఇద్దరు కూర్చున్నారు. ఒకతను బీహార్ వైపు నుంచి వచ్చినవాడు, రెండో అతను దగ్గరి ఊరి రైతు కొడుకు. ఏ షిఫ్టు దిగారని అడిగాను.

ఊరతను నవ్వాడు. "ఏ, బీ, సీ ఎక్కడివి పెద్దమనిషీ? అవి పర్మినెంటోళ్లకు. మాది కాంట్రాక్టు. పన్నెండు గంటలు. ఉంటే పగలు, లేకుంటే రాత్రి."

"బారా ఘంటా, అంకుల్," అని బీహారు అతను చాయ్ గ్లాసు ఎత్తి చూపించాడు.

నా పట్టిక అంతా ఎనిమిది గంటల షిఫ్టులది. నేను రిటైరైన నాటి ఫ్యాక్టరీ ఇంకా అలాగే ఉందనుకుని గీసింది. నేను 'ఏ' షిఫ్టు కోసం వేయించిన ఆట, వీళ్లలో పగటివాళ్లు మిషన్ దగ్గర నిలబడి, రాత్రివాళ్లు రూముల్లో పడుకుని ఉండే వేళలో నడుస్తోంది.

"మరి సినిమా సూడరా?" అన్నాడు చాచా.

"ఫోన్ల సూస్తం. బస్సుల సగం, తినుకుంట సగం."

"ఇప్పుడు రూముకు పోయి పండుకుంటరు గదా?"

"ఏం పండుకునుడు చాచా? రేకుల రూము. ఎండ ఎక్కంగనే పెంక మీద రొట్టె లెక్క అటు జెర, ఇటు జెర కాలాలె. ఈ భయ్యా ఏం చేస్తడో ఎరికేనా? ఏటీఎంల నిలవడ్తడు."

బీహారు అతను సిగ్గుపడ్డాడు. "ఏసీ హోతా హై అంకుల్. ఖడే ఖడే నిద్ర వస్తది. వాచ్‌మన్ వచ్చి లేపుతడు. కార్డ్ డాలో, లేకుంటే బయటికి పో అంటడు."

ఊరతను పగలబడి నవ్వాడు. చాచా మాత్రం నవ్వకుండా నా వైపు తిరిగాడు.

"సాబ్, దస్తీ యాదికున్నదా?"

ఎందుకు లేదు? నా డైరీలో "నిద్ర సగం" అని ఉన్నది దాని గురించే. థియేటర్ కట్టిన కొత్తలో పొద్దున పూట ఒక ఆట ఉండేది. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు సైకిళ్లు స్టాండ్‌లో పెట్టి నేరుగా దానికి వచ్చేవాళ్లు. అప్పుడూ గదులు రేకులవే. ఒక్కో గదిని పగటివాళ్లూ రాత్రివాళ్లూ పంచుకునేవాళ్లు. హాలులో గోడలు మందం, ఫ్యాన్లు పెద్దవి, చీకటి. సగం మంది టికెట్ కొనేది పడుకోవడానికే. మొదట్లో గొడవలయ్యేవి. చూసేవాళ్లు ఈల వేస్తే పడుకున్నవాళ్లు తిట్టేవాళ్లు. గురక పెడితే చూసేవాళ్లు తిట్టేవాళ్లు. చివరికి హాలు దానంతట అదే రెండుగా చీలింది. ఎడమవైపు పడుకునేవాళ్లు, కుడివైపు చూసేవాళ్లు. ఎడమవైపు కూర్చున్నవాడు కుర్చీ చేతికి దస్తీ, అంటే చేతిరుమాలు, కట్టుకుంటే ఇంటర్వెల్‌లో చాచా వచ్చి లేపాలి. కట్టకపోతే ఆట అయిపోయేదాకా ముట్టుకోకూడదు. ఎవరూ రాసిపెట్టని నియమం. ఎవరూ తప్పేవాళ్లు కాదు. నేను కూడా దస్తీ కట్టినవాణ్ణే. అలా చాలా సినిమాలకు నాకు మొదటి సగం తెలియదు.

షిఫ్టులు మారాయి, సైకిళ్లు పోయాయి, ఆ ఆట ఆగిపోయింది. కానీ ఆ రోజు చాయ్ హోటల్ బెంచీ మీద కూర్చున్నవాళ్ల కళ్లు చూస్తే ఏమీ మారలేదని తెలిసింది.

ఆ పొద్దున ఆట మళ్లీ పెడదామని నేనూ చాచా చెప్పినప్పుడు ఆమెకు కోపం వచ్చింది. ఆఫీసు గదిలో ఫైళ్లు సర్దుతున్నదల్లా ఆపేసింది.

"అంటే నిద్రకు టికెట్ అమ్మాలెనా? మా నాయిన సినిమా హాలు కట్టిండు కాకా, లాడ్జి కట్టలే. గట్లయితే గోదాముకు ఇచ్చుడే నయం. సామాన్లన్న గురక పెట్టవు."

"మీ నాయిన అమ్మిండు బిడ్డా," అన్నాడు చాచా గుమ్మం దగ్గర నిలబడి.

"ఏంది అమ్మింది?"

"పొద్దుగాల ఆట. ఎడమ దిక్కు పండుకునేటోళ్లని ఆయనకు ఎరికే. ఓరోజు ఫైటింగ్ సీన్ల ఒకడు ఉలిక్కిపడి లేచిండు. రెండు డ్యూటీలు చేసి వచ్చినోడు. పాపం, ఫ్యాక్టరీల ఏదో పేలిందనుకొని బయటికి ఉరికిండు. మీ నాయిన జూసిండు. తెల్లారి ఆయనే నిచ్చెన ఎక్కి ఎడమ దిక్కు స్పీకర్ వైరు తీసేసిండు. మాట్నీకి మళ్ల పెట్టేటోడు. రోజు అదే పని."

"నేనెప్పుడు సూడలే."

"నువ్వు బడికి పోయేదానివి."

ఆమె కిటికీలోంచి ఖాళీ సైకిల్ స్టాండ్ వైపు చూసింది. తర్వాత, "ఒక్క మాట," అంది. "కుడి దిక్కు సూసేటోడు ఒక్కడన్న ఉంటెనే బొమ్మ ఏస్త. ఉత్త చీకటి మాత్రం నేను అమ్మేది లేదు."

ఆ షరతు నాకు చాలా నచ్చింది. కుడివైపు కూర్చునే ఆ ఒక్కడు దొరకని రోజున నేనే ఉంటానని చెప్పాను. టికెట్ కొనుక్కునే.

నా బోర్డు దించేశారు. సాయంత్రం ఆట అలాగే ఉంచి, పొద్దున రాత్రి డ్యూటీ దిగినవాళ్ల బస్సులు వచ్చాక మొదలయ్యే ఒక్క ఆట కలిపారు. బోర్డు మీద ఇప్పుడు ఒకటే రాయించింది, తెలుగులోనూ హిందీలోనూ: ఎడమవైపు నిశ్శబ్దం, కుడివైపు సినిమా. ఎడమవైపు స్పీకర్‌ను ఆపరేటర్ మీట నొక్కి ఆపేశాడు. ఇప్పుడు నిచ్చెన అక్కర్లేదు. చాయ్ హోటల్‌లో మాట్లాడిన ఇద్దరూ మొదటి రోజే వచ్చారు. ఊరతను లోపలికి వెళుతూ, "పెద్దమనిషీ, గుద్దులాటలు లేని సినిమా ఏయమను," అన్నాడు. కుడివైపు ఆ రోజు నేను ఒక్కణ్ణే కూర్చున్నాను. హీరో పాట అంతా నా ఒక్కడి కోసమే పాడాడు.

తర్వాతి రోజు ఇంకొందరు వచ్చారు. బస్సులో పక్కవాడికి చెబితే వాడు వచ్చాడు. ఆమె హిందీలోకి డబ్బింగ్ చేసిన మన సినిమాలు తెప్పించింది. బీహార్, ఒడిశా పిల్లలు తమ ఊళ్లలో టీవీలో మన హీరోలను హిందీలో చూస్తూ పెరిగారట. మనకంటే వాళ్లకే ఎక్కువ సినిమాలు గుర్తున్నాయి. ఎడమవైపు పడుకున్నవాళ్లు ఇంటర్వెల్ తర్వాత లేచి, ముఖం కడుక్కుని, కుడివైపుకు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు. అలా వచ్చి కూర్చున్నవాళ్లే వారం సెలవు రోజున పెళ్లాం పిల్లలతో సాయంత్రం ఆటకు కూడా వచ్చారు. నేను కుడివైపు కూర్చోవాల్సిన అవసరం తీరిపోయింది. అయినా మానలేదు. దస్తీల ఆచారం మాత్రం దానంతట అదే తిరిగి రాలేదు. చాచా చెప్పాడు. ఇప్పుడు దస్తీలు ఎవరి దగ్గరా ఉండవు కనుక ఐడీ కార్డు తాడు కుర్చీ చేతికి చుడుతున్నారు.

మిరుగు దగ్గరపడింది. ఒక పొద్దున ఆమె పెద్దబాపు వచ్చాడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారిని మొక్కుకుని అటు నుంచి అటే వచ్చినట్టున్నాడు, నుదుట కుంకుమ ఇంకా తడిగా ఉంది. వెంట గోదాము కంపెనీ వాళ్లు ఇద్దరు, చేతిలో కొలత టేపు. ఆమె ఆయనను ఏమీ అడ్డుకోలేదు. "లోపల ఆట నడుస్తున్నది పెద్దబాపు, మెల్లగ పోండ్రి," అని తలుపు తెరిచింది. నేనూ వెనకాల వెళ్లాను.

చీకటికి కళ్లు అలవాటు పడ్డాక ఆయన ఎడమవైపు చూశాడు. వరుసల నిండా మనుషులు, తలలు వాల్చి, చేతులు కట్టుకుని, నోళ్లు తెరిచి.

"గిదేంది, అందరు పడిపోయిండ్రు?" అన్నాడు. గొంతు తగ్గించలేదు. "గీళ్లనా నువ్వు జనం అంటున్నది? దవాఖానల వార్డు లెక్కున్నది."

"టికెట్ కొన్న జనమే పెద్దబాపు. కుడి దిక్కు గూడ సూడు."

కుడివైపు తెర వెలుగులో చాలా ముఖాలు కనబడుతున్నాయి. ఆయన ఏదో అనబోయేంతలో జేబులో ఫోన్ మోగింది. పెద్ద మోత, భక్తి పాట. ఎడమవైపు నాలుగైదు తలలు లేచాయి. చాచా వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకుని, మారు మాట లేకుండా, నడిపించుకుంటూ బయటికి తెచ్చాడు. కొలత టేపు వాళ్లు వాళ్లంతట వాళ్లే బయటికి వచ్చారు.

"నన్నే బయటికి తోలుతవా?" అన్నాడు పెద్దాయన వరండాలో.

"టికెట్ లేదు గదా పటేలా."

 ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఆ పెద్దాయన కోపం నాకు తెలుసు. కానీ ఆయన చాచాను ఎగాదిగా చూసి, "ఇగ వానలు వడ్తయి గదా. సల్లవడ్డంక ఎవడొస్తడు నీ దుకానానికి?" అన్నాడు.

"వానకాలం రేకుల మీద సప్పుడు పటేలా. ఎండకాలమన్న జెర కన్నంటుకుంటది. వానకు అసలే అంటుకోదు."

"మరి చలికాలం?"

"చలికాలం సినిమా సూస్తరు."

పెద్దాయన మూతి మీద మీసం కదిలింది. ఫోన్ ఆపేసి, కౌంటర్ దగ్గరికి నడిచి, కిటికీలో చెయ్యి పెట్టాడు. లోపల ఎవరూ లేరు. ఆమే గబగబా అటు వైపు వెళ్లి కూర్చుంది.

"ఏ దిక్కు పెద్దబాపు? ఎడమనా, కుడినా?"

"కుడి. నేను పొద్దుగాల పండుకునేటోన్నా?"

టేపు వాళ్లను చెట్టు నీడన కూర్చోబెట్టి ఆయన లోపలికి వెళ్లాడు. ఇంటర్వెల్‌కు బయటికి వస్తాడనుకున్నాం. రాలేదు. ఆట అయిపోయింది. ఎడమవైపు వాళ్లను చాచా ఒక్కొక్కరినే లేపుకుంటూ వచ్చాడు. మనిషిని ముట్టుకోడు, కుర్చీ వీపు మీద వేళ్లతో రెండుసార్లు తడతాడు. పెద్దాయన అందరికంటే చివర్న వచ్చి, కళ్లద్దాలు తుడుచుకుంటూ కాంపౌండ్‌లో నిలబడ్డాడు. సైకిల్ స్టాండ్ వైపు నడిచాడు. రేకుల కప్పు కింద ఎవరూ ఏమీ పెట్టని పొడవాటి జాగా. ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి వచ్చి, కొలత టేపు వాళ్లను పిలిచాడు.

"మీకు గీ జాగ సాలదా?"

వాళ్లు కొలిచారు. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడారు. ఇంకొంచెం వెనక్కి జరిపి కట్టుకుంటే చాలునన్నారు.

"గోదాము ఈడ వెట్టుకోండ్రి. హాలు జోలికి రావద్దు," అని, ఆయన ఆమె వైపు తిరిగాడు. "గోదాముల గూడ రాత్రి డ్యూటీలుంటయట గదా?"

"ఉంటయి పెద్దబాపు."

"మరి ఇగ నీకేం రంది?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంటూ నవ్వింది. ఆయన కారెక్కబోతూ మళ్లీ ఆగాడు.

"ఆ స్క్రూలు ఊడిన కుర్చీలు ఎన్నేండ్లయె బాగు చేయక?"

"చేయిస్త. కుడి దిక్కుయి ముందుగాల..."

"కుడి దిక్కోడు ఎట్లన్న సూస్తడు," అన్నాడు. "ముందుగాల ఎడమ దిక్కుయి చేయించు."